బోర్డు మీద ఇక నిజాలే

ఏప్రిల్ 20, 1987, సోమవారం

పొద్దున రిజిస్టరు పోస్టు వచ్చింది. సంతకం పెట్టి తీసుకున్నాను. ప్లీడరు నోటీసు. పంపించింది ఎదుటి కొట్టు శ్రీరాములు. ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్ళం. నోటీసులో మాత్రం నేను 'సదరు గోపాలకృష్ణ అను వ్యక్తి'ని.

సంగతి ఇది. నూజివీడు బస్టాండుకు వెళ్ళే దారిలో నా పండ్ల కొట్టు. కొట్టు ముందు నల్లబోర్డు. రోజూ తలుపులు తీయగానే ఆ పూట ఏ పండ్లున్నాయో సుద్దముక్కతో రాస్తాను. ధరల కింద రెండు ముక్కలు కబుర్లు కూడా రాస్తాను. బస్సుకు వెళ్ళేవాళ్ళు ఆగి చదువుతారు. కొందరు చదవడానికే ఈ వీధిన వస్తారు. పోయిన బుధవారం రాసింది:

"ఎదుటి కొట్లో పండు పైకి పసుపు, లోపల పులుపు. మందు పెట్టి మాగేసిన కాయతో జాగ్రత్త."

శ్రీరాములు మందు పెడుతుండగా నేను చూడలేదు. అతని పండ్లు మరీ అంత పసుపుగా ఉంటే అనుమానం వచ్చింది. అంతే.

సాయంత్రం మా ప్లీడరు గారింటికి వెళ్ళాను.

"నేనెక్కడా పేరు రాయలేదు కదండీ," అన్నాను.

"మీకు ఎదురుగా పండ్ల కొట్లు ఎన్నున్నాయి?"

"ఒకటేనండీ."

"అయితే పేరు రాసినట్టే. మందు పెడుతున్నాడని రుజువేమైనా ఉందా?"

"లేదండీ."

"దాన్నే పరువునష్టం అంటారు. కోర్టుకెక్కారంటే మామిడి కాలమంతా వాయిదాలకే సరిపోతుంది. ఏ బోర్డు మీద అన్నారో ఆ బోర్డు మీదే తప్పయిందని రాసెయ్యండి. వాళ్ళ ప్లీడరుతో నేను మాట్లాడతాను."

ఆయన చెబుతుంటే రాసుకొచ్చినవి:

రుజువు లేనిది రాయకూడదు.
ఎవరి గురించి రాసినా వాళ్ళని అడిగి రాయాలి.
ఎదుటి కొట్టు ఊసెత్తకూడదు.
ఇంకొకరి మాట ఎత్తుకొచ్చి మనదని వేసుకోకూడదు.

నాలుగే. ఇంత తేలికని తెలిస్తే ఎప్పుడో మొదలుపెట్టేవాణ్ణి. రేపటి నుంచి నా బోర్డు మీద నిజం తప్ప ఇంకోటి కనబడదు. ఇది నిశ్చయం.

అన్నపూర్ణతో చెప్పాను. మా ఆవిడ గడ్డిలోంచి పండ్లు ఏరుతోంది. తల ఎత్తకుండానే, "అయితే ఇక రోజూ ఏం రాస్తారు?" అంది.

"నిజం."

"రోజూ రాయడానికి సరిపడా దొరుకుతుందంటారా?"

ఏప్రిల్ 21, మంగళవారం

తప్పయిందని రాశాను. ధరల కింద, మూలగా, కాస్త చిన్న అక్షరాలతో.

శ్రీరాములు రోడ్డు దాటి వచ్చాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. వంగి చూశాడు.

"కనపట్టం లేదండీ," అన్నాడు.

నోటీసు ముందు దాకా 'ఒరేయ్ గోపాలం' అనేవాడు. ఇప్పుడు అండీ. తుడిచి పెద్దగా రాశాను. అతను తన కొట్టు గడప దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి కళ్ళజోడు లేకుండా చదివి, తల ఊపాడు.

తర్వాత నా మొదటి నిజం రాశాను: "బంగినపల్లి. నిన్న కోసినవి. కొన్ని ఇవాళే తినొచ్చు. కొన్ని ఇంకా ఆగాలి. ఏది ఏదో అడిగితే చెబుతాం."

రోజూ వచ్చే ఒకాయన చదివి నా మొహం వంక చూశారు.

"ఏంటండీ, ఒంట్లో బాలేదా?"

"బానే ఉన్నానండీ. నిజం రాశాను."

"అందుకే అడుగుతున్నాను."

మనసు చాలా తేలిగ్గా ఉంది.

ఏప్రిల్ 23, గురువారం

నిజానికి గిరాకీ ఉంది. ఒక బుట్ట పండ్లు మెత్తబడ్డాయి. పోయినేడైతే 'తేనె లాంటి పండ్లు' అని రాసేవాణ్ణి. ఇవాళ రాసింది: "ఇవి మెత్తబడ్డాయి. కోసుకు తినలేరు. తాండ్రకి బావుంటాయి."

నాగేశ్వరమ్మ టీచరు గారు చదివి బుట్ట బుట్టంతా రిక్షాలో పెట్టించుకున్నారు. ఆవిడ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. "మెత్తబడ్డాయని కొట్టువాడే రాయడం ఇదే చూడ్డం," అన్నారు.

ధర్మంగా ఉంటూ వ్యాపారం చెయ్యొచ్చని అన్నపూర్ణకు చెప్పాను. ఆమె పక్కనున్న బుట్టల వైపు చూసింది. అవి మంచి పండ్లు. వాటి గురించి రాయడం మర్చిపోయాను. ఒక్కటీ కదల్లేదు.

ఏప్రిల్ 27, సోమవారం

ఇవాళ్టి బోర్డు: "మైలవరం నుంచి వచ్చి మా దగ్గర కొంటున్నారు."

అన్నపూర్ణ అడిగింది. "ఎవరు? ఎప్పుడు?"

"పొద్దున వచ్చారు కదా, తెల్ల పంచె ఆయన."

"ఆయన బస్సు తప్పిపోయి నీడకి నిలబడ్డాడు. మొహమాటానికి రెండు పండ్లు కొన్నాడు."

"మైలవరం నుంచి వచ్చారా, లేదా? కొన్నారా, లేదా?"

"ఒక్కడు."

"పెద్దమనిషి. గౌరవంగా 'కొంటున్నారు' అనకుండా 'కొంటున్నాడు' అని రాయమంటావా?"

ఇందులో అబద్ధం లేదు. మన భాషలో గౌరవమిస్తే ఒక్కడు పదిమంది అవుతాడు. దానికి నేనేం చేయను?

మే 1, శుక్రవారం

రెండో సూత్రం పాటించాను. పద్ధతిగా, అడిగి.

నాగేశ్వరమ్మ టీచరు గారు పండు తిన్నాక, "మీ మాట బోర్డు మీద రాసుకోవచ్చాండీ?" అన్నాను.

"రాసుకోండి. కానీ నేనన్నది అన్నట్టుగా ఉండాలి. పాతికేళ్ళు పిల్లల వాక్యాలు దిద్దాను నేను."

ఆవిడన్నది ఇదీ: "ఫర్వాలేదు. కిందటేడు కంటే నయం."

కొంచెం ఆలోచించాను. 'కిందటేడు కంటే' అని రాస్తే కిందటేటి సంగతేంటని అడుగుతారు. తీసేశాను. 'ఫర్వాలేదు' అనేది మాటల మధ్యలో ఊరికే వచ్చేది. తీసేశాను. మిగిలింది 'నయం'. ఒక్కటే ఉంటే బోసిగా ఉంది. ముందు 'అన్నింటి కంటే' అని చేర్చాను. కింద ఆవిడ పేరు రాశాను.

ఆవిడ సాయంత్రం గుడికి వెళుతూ ఆగారు. "సుద్దముక్క ఇలా ఇవ్వండి," అన్నారు. నా వాక్యం కొట్టేసి, తన వాక్యం గుండ్రటి అక్షరాలతో పూర్తిగా రాశారు. ఎర్ర సుద్ద ఉందా అని కూడా అడిగారు. లేదన్నాను.

మొత్తానికి అనుమతి అడిగాను. అది లెక్కలోకి రావాలి.

మే 5, మంగళవారం

శ్రీరాములు కూడా బోర్డు పెట్టాడు. పెయింటరు సలోమోను చేత చుట్టూ మామిడి ఆకులు వేయించాడు. మధ్యలో తెల్లటి అక్షరాలు: "బంగినపల్లి. నిన్న కోసినవి. కొన్ని ఇవాళే తినొచ్చు. కొన్ని ఇంకా ఆగాలి."

నా మాటలే. అక్షరం కూడా మారలేదు.

కొట్టు అన్నపూర్ణకు ఒప్పజెప్పి ప్లీడరు గారి దగ్గరికి పరుగెత్తాను.

"నా మాట ఎత్తుకుపోయాడండీ. నోటీసు పంపండి."

"ఏ మాట?"

"నిన్న కోసినవి."

ఆయన పెన్ను కింద పెట్టారు. "ఆ మాట మీద హక్కు కావాలా మీకు? ఆయన కాయలూ నిన్నే కోశారేమో."

"మరి నాలుగో సూత్రం?"

"అది మీకు చెప్పాను. ఆయన నా క్లయింటు కాదు."

తిరిగొచ్చేసరికి శ్రీరాములు బోర్డు మీద ఇంకో వాక్యం చేరింది: "తిని చూశాకే అమ్ముతాం." చూస్తూ ఎలా ఊరుకోను? నా బోర్డు మీద రాశాను: "నేను స్వయంగా రుచి చూడనిదే ఒక్క పండు అమ్మను."

ఇక్కడొక చిక్కుంది. నాకు మామిడిపండు పడదు. తింటే ఒళ్ళంతా దద్దుర్లు, మొహం వాపు. కొట్లో రుచి చూసేది మొదట్నుంచీ అన్నపూర్ణే. కానీ భార్యాభర్తల్లో ఒకరు తింటే ఇద్దరూ తిన్నట్టే. ప్లీడరు గారిని అడగలేదు. అన్నీ ఆయన్నే అడిగితే బాగుండదు.

మే 8, శుక్రవారం

మంచి రోజు. మురళీకృష్ణ గారు రెండు పెద్ద బుట్టలు కట్టించుకున్నారు. ఆయన ఇక్కడొక ఆఫీసులో హెడ్ గుమాస్తా. భార్య దుర్గ గారు విస్సన్నపేట ఆసుపత్రిలో నర్సు. ఈయన రోజూ బస్సులో వచ్చి వెళతారు. సాయంత్రం బస్సు ఆలస్యమైతే మా కొట్టు ముందు స్టూలు మీద కూర్చుంటారు. చాలా మర్యాదస్తుడు. బుట్టలెక్కడికని అడిగితే, బందరులో తమ పెద్దాఫీసరు గారింటికన్నారు.

బందరు పెద్దాఫీసరు ఇంటికి నా పండ్లు. ఇలాంటి వార్త శ్రీరాములుకు ఈ జన్మలో దొరకదు. ఆయన బస్సు కదలగానే బోర్డుకెక్కించాను:

"పెద్దాఫీసర్ల ఇళ్ళకూ మా పండ్లే. హెడ్ గుమాస్తా మురళీకృష్ణ గారు ఇవాళే బందరుకు రెండు బుట్టలు తీసుకెళ్ళారు."

సూత్రాలన్నీ చూసుకున్నాను. రుజువు: బుట్టలు కట్టింది నేనే. ఎదుటి కొట్టు ఊసు లేదు. మాటలు నా సొంతం. అనుమతి: అడిగేవాణ్ణే, ఆయన బస్సెక్కేశారు.

రోజంతా బోర్డు ముందు జనం. ఇంతమందిని ఎప్పుడూ చూడలేదు. కొందరు నవ్వుకుంటూ వెళ్ళారు. ఎందుకో తెలియలేదు.

మే 9, శనివారం

ఎందుకో తెలిసింది.

మురళీకృష్ణ గారు సాయంత్రం వచ్చారు. అరుస్తారనుకున్నాను. అరవలేదు. స్టూలు మీద కూర్చున్నారు. పక్కన రెండు బుట్టలు. మా ముడే, విప్పలేదు.

"నాకు విస్సన్నపేటకి ట్రాన్స్‌ఫర్ అడిగాను," అన్నారు. "దుర్గకి వచ్చే నెలాఖరుకి నెలలు నిండుతాయి. సెలవు పెట్టి పగలంతా అక్కడ క్వార్టర్స్‌లో ఒక్కతే ఉంటోంది. నేనిక్కడుంటే నొప్పులొచ్చినప్పుడు ఎవరున్నారండీ?"

నేను చేతిలోని సుద్దముక్క జేబులో వేసుకున్నాను.

"మా ఆఫీసు నించి ఎవరో నిన్న మధ్యాహ్నమే బందరుకి ఫోన్ చేసి మీ బోర్డు చదివి వినిపించారట. నేను బుట్టలతో లోపలికెళ్ళేసరికి ఆఫీసరు గారికి తెలిసిపోయింది. అందరి ముందూ తిరిగి పట్టుకెళ్ళమన్నారు."

"నేను... పండ్ల గురించి రాశానండీ. అబద్ధం ఏమీ..."

"అబద్ధం కాదండీ. అదే బాధ. అబద్ధమైతే కాదని చెప్పుకునేవాణ్ణి." ఆయన బుట్ట మీద చెయ్యేశారు. "ఈ కాలంలో నూజివీడు నించి ఎవరి ఇంటికెళ్ళినా పండ్లు పట్టికెళతాం. అది మర్యాద. మీరు బోర్డు మీద రాసేసరికి లంచమైపోయింది."

బుట్టలు అక్కడే వదిలి బస్సుకు వెళ్ళిపోయారు. అన్నపూర్ణ వాటిని లోపల పెట్టింది.

అన్నం సయించలేదు.

మే 10, ఆదివారం

తెల్లారేసరికి ఉపాయం దొరికింది. చెడగొట్టింది బోర్డే కాబట్టి బాగుచేయాల్సిందీ బోర్డే. పెద్ద అక్షరాలతో రాశాను:

"హెడ్ గుమాస్తా మురళీకృష్ణ గారు బందరుకు బుట్టలు తీసుకెళ్ళారన్న మాట నిజం కాదు. ఎవరూ నమ్మవద్దు."

ఆదివారం సంత జనం. శుక్రవారం బోర్డు చూడని ఊళ్ళవాళ్ళంతా ఇవాళ చూశారు. రెడ్డిగూడెం తోట నుంచి కాయలు తెచ్చిన పోతురాజు, గంప దించకుండానే అడిగాడు.

"ఏ బుట్టలండీ?"

"ఏం లేదు."

"బోర్డు మీద రాశారు కదా, నమ్మొద్దని. ఏం నమ్మకూడదో తెలియాలి కదండీ."

అడిగాడు కాబట్టి చెప్పక తప్పలేదు. విని, "పాపం," అని గంప దించాడు. పొద్దుగుంకేలోపు ఇలా చాలామందికి చెప్పాల్సి వచ్చింది.

అన్నపూర్ణ బోర్డు చూసింది. "రుజువు లేనిది రాశారు. మళ్ళీ ఆయన్ని అడక్కుండా ఆయన పేరే రాశారు. మీ సూత్రాల్లో ఇంకేమైనా మిగిలిందా?"

ఆలోచించాను. మూడోదీ నాలుగోదీ భద్రంగా ఉన్నాయి. ఎదుటి కొట్టు ఊసు లేదు. ఈ మాటలు ఎక్కడా ఎత్తుకొచ్చినవి కావు.

ఆమెతో ఆ మాట అనలేదు.

మే 13, బుధవారం

బందరు వెళ్ళాను. చేతిలో పండ్లు లేకుండా. ఈ కాలంలో నూజివీడు మనిషి ఒట్టి చేతులతో ఇంకో ఊళ్ళో బస్సు దిగడం నాకే వింతగా ఉంది.

ఏ ఆఫీసో ఇక్కడ రాయను. కొంచెం నేర్చుకున్నాను. చాలాసేపు బయట బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికి పిలిచారు.

"ఆ బోర్డు రాసింది నేనేనండీ. తప్పు నాది. మురళీకృష్ణ గారికి నేను రాసినట్టు కూడా తెలియదు," అన్నాను. దారి పొడుగునా కంఠతా పట్టిన మాటలు.

ఆఫీసరు గారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఖండన కూడా రాశారట కదా. అదీ చదివి వినిపించారు."

తల దించుకున్నాను.

"అతని ట్రాన్స్‌ఫర్ కాయితం బుట్టలు రాకముందు నించే నా బల్ల మీద ఉంది. సంతకం పెడదామనే ఉన్నాను. ఇప్పుడు పెడితే పండ్ల కోసం పెట్టానంటారు. మాట చల్లారాలి. చల్లారాక చూద్దాం."

"ఎప్పటికి చల్లారుతుందండీ?"

"అది మీకే తెలియాలి. రాజేసింది మీరు."

బస్సులో గుడివాడ దాటే దాకా ఆ మాటే చెవుల్లో. ఇంటికొచ్చి బోర్డు తడిబట్టతో తుడిచేశాను. ఇక ఒక్క అక్షరం రాయను. ధరలు కూడా. ఏమీ రాయకపోతే తప్పు జరగడానికి వీల్లేదు.

మే 16, శనివారం

ఖాళీ బోర్డును జనం రాసిన బోర్డు కంటే ఎక్కువసేపు చూస్తున్నారు.

నా చెవిన పడినవి: శ్రీరాములు కేసు గెలిచాడు. నన్ను బోర్డు రాయొద్దని పోలీసులు చెప్పారు. అన్నపూర్ణ అలిగి పుట్టింటికెళ్ళింది. ఈ మూడో మాట ఒకాయన అన్నపూర్ణ చేతుల్లోంచి పండ్లు తీసుకుంటూ అడిగాడు. కొట్టు అమ్మేస్తున్నామన్నది నాలుగోది.

ఓర్చుకున్నాను. మధ్యాహ్నం దాకా. తర్వాత చిన్నగా రాశాను: "కొట్టు అమ్మడం లేదు."

సాయంత్రం ఒకాయన వచ్చి ఎంతకిస్తారని అడిగాడు.

మళ్ళీ తుడిచాను. మురళీకృష్ణ గారు ఈ వీధిలోంచి రావడం మానేశారు. వెనక సందులోంచి బస్టాండుకు వెళుతున్నారట. వెనక సందులో ఒకటే బురద.

మే 18, సోమవారం

శ్రీరాములు వచ్చాడు. స్టూలు మీద కూర్చున్నాడు.

"ఆ గుమాస్తా గారి ఊసు ఊళ్ళో ఇంకా నానుతోందండీ," అన్నాడు. "ఇది పోవాలంటే దీని కంటే మంచి కబురొకటి రావాలి."

"నా దగ్గర లేదండీ."

"నా దగ్గరుంది. కానీ అది మీది. మీరొప్పుకుంటే నా బోర్డు మీద రాస్తాను."

"ఏంటది?"

గొంతు తగ్గించాడు. "నీకు మామిడిపండు పడదు. ఐదో క్లాసులో నేను పెట్టిన రసం పండు తిని మొహం వాచిపోయి, మీ అమ్మ నా వీపు విమానం మోత మోగించింది. గుర్తుందా?"

'అండీ' పోయి 'నువ్వు' వచ్చిందని అతను గమనించలేదు. నేను గమనించాను.

"నా బోర్డు మీద నేనే రాస్తా," అన్నాను.

"నువ్వు రాస్తే వేళాకోళమనుకుంటారు. నీ బోర్డు ఎవరు నమ్ముతారిప్పుడు? నేను రాస్తే నమ్ముతారు."

"ఈ కబురు నీకెప్పుడూ తెలుసు కదా. అడక్కుండా ఎప్పుడో రాయాల్సింది."

"అడక్కుండా రాస్తే నువ్వు నోటీసిస్తావు."

అన్నపూర్ణ వైపు చూశాను. పండ్లు తుడుస్తోంది. నాకు భయం వేసింది. ఈ కొట్టు మా నాన్న పెట్టింది. 'తీపికి నాది పూచీ' అన్న మాట మీద ఇన్నేళ్ళు నడిపాను. మామిడిపండు తినని వాడి దగ్గర మామిడిపండ్లు ఎవరు కొంటారు? నవ్వుతారు. ఎదురుగా కొట్టుంది, అటు పోతారు. ఈ మాట శ్రీరాములుకూ తెలుసు.

కానీ అతను కూర్చున్న ఆ స్టూలు మీదే మొన్న మురళీకృష్ణ గారు కూర్చున్నారు.

"రాయరా," అన్నాను. "నా పేరులో 'ష్ణ' సరిగ్గా రాయి. నోటీసులో తప్పు పడింది."

మే 20, బుధవారం

నిన్నటి శ్రీరాములు బోర్డు: "ఎదుటి కొట్టు గోపాలకృష్ణ గారికి మామిడిపండు పడదు. జన్మలో ఒక్కసారే తిన్నారు. వారిని అడిగి, వారు ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను."

విస్సన్నపేట బస్సు డ్రైవరు బస్సు ఆపి చదివాడు. దిగి నన్ను చూసి వెళ్ళాడు. ఆడవాళ్ళు పిల్లల్ని తీసుకొచ్చి నన్ను చూపించారు. ప్లీడరు గారు కూడా వచ్చి, నా చెయ్యి తిప్పి దద్దుర్ల మచ్చలేమైనా ఉన్నాయా అని చూశారు. నాగేశ్వరమ్మ టీచరు గారొచ్చి, "మరి 'స్వయంగా రుచి చూడనిదే' అన్న వాక్యంలో కర్త ఎవరు?" అన్నారు.

"అన్నపూర్ణండీ."

"అయితే కర్త పేరు రాయాలి."

బుట్టల గురించి రెండు రోజులుగా ఒక్కరూ అడగలేదు. కొందరు అటు వెళ్ళారు, నిజమే. మిగిలినవాళ్ళు నన్ను దాటుకుని లోపలికి చూస్తూ, "అమ్మగారు తిన్నారా ఇది?" అంటున్నారు.

అందుకని బోర్డు మీద రాద్దామనుకున్నాను. అన్నపూర్ణను అడిగాను.

"రాయండి," అంది. "నా పేరు మీ పేరు కంటే చిన్నగా ఉండకూడదు."

ఇప్పుడు బోర్డు ఇలా ఉంది: "రుచి చూసేది అన్నపూర్ణ. అమ్మేది గోపాలకృష్ణ." పూర్తిగా నిజం. అడిగి రాసినది. నిశ్చయం మళ్ళీ గాడిలో పడింది.

జూన్ 12, శుక్రవారం

మురళీకృష్ణ గారు మళ్ళీ మన వీధిలోంచి వచ్చారు. ట్రాన్స్‌ఫర్ వచ్చింది. సోమవారం విస్సన్నపేటలో చేరాలి. మొహం వెలిగిపోతోంది.

"బందరు వెళ్ళారటగా," అన్నారు. "ఆఫీసరు గారు చెప్పారు. ఒట్టి చేతులతో వచ్చాడు, అందుకే నమ్మానన్నారు."

ఆయనకు స్టూలు తుడిచి వేశాను.

"ఒక్క మాటండీ. ఈ కబురు మాత్రం..."

"రాయనండీ."

రాయలేదు. రోజంతా సుద్దముక్క అన్నపూర్ణ దగ్గర దాచిపెట్టాను. రెండుసార్లు అడిగాను. ఇవ్వలేదు.

జూన్ 25, గురువారం

వాన. సీజన్ ఆఖరు. కొట్లో మిగిలింది పప్పులోకి పుల్లటి కాయలు.

పొద్దున్నే మురళీకృష్ణ గారు విస్సన్నపేట నుంచి మొదటి బస్సులో దిగారు. మొన్న దుర్గ గారు ప్రసవించారు. ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. నొప్పులొచ్చినప్పుడు ఈయన పక్కనే ఉన్నారట.

"ఇవాళ్టికి ఎవరికీ చెప్పకండి. మా అత్తగారికి కబురు ఇంకా అందలేదు, అక్కడికే వెళుతున్నాను. ఆవిడ కంటే ముందు ఊరికి తెలిస్తే ఊరుకోరు."

మాటిచ్చాను.

తొమ్మిదింటి దాకా బాగానే ఉన్నాను. ఇంత మంచి వార్త లోపల పెట్టుకుని ధరలు మాత్రం రాయడం మనిషన్నవాడి వల్ల కాదు. పేరు రాయకుండా, ఊరు రాయకుండా, సంగతి రాయకుండా ఇంతే రాశాను: "ఇవాళ ఒక మంచి వార్త ఉంది. చెప్పను."

ఏ సూత్రమూ తప్పలేదు. నాలుగూ రెండుసార్లు చూసుకున్నాను.

ఆ సమయానికి అన్నపూర్ణ బోర్డు పక్కనే నిలబడి పుల్లకాయలు కోసి, ఒక్కో ముక్క నోట్లో వేసుకుని రుచి చూస్తోంది. అది ఆమె పని. ఊరంతటికీ తెలిసిన పని. కానీ జనం బోర్డు చదివారు. ఆమె వంక చూశారు. ఆమె ఇంకో పుల్ల ముక్క నోట్లో వేసుకుంది. మళ్ళీ బోర్డు చదివారు.

మొదట ఒకావిడ వచ్చి అన్నపూర్ణ చెయ్యి పట్టుకుని నవ్వింది. తర్వాత ఎవరో పసుపు కుంకుమ తెచ్చారు. నాగేశ్వరమ్మ టీచరు గారు గొడుగు మూసి, "ఈ వయసులో కాస్త జాగ్రత్తగా ఉండాలమ్మా," అన్నారు. శ్రీరాములు రోడ్డు అవతలి నుంచి నా వైపు చూసి చెయ్యి ఊపాడు.

అన్నపూర్ణకు నలభై ఆరేళ్ళు. మా పెద్దమ్మాయికి పోయినేడే పెళ్ళయింది.

సంగతి అర్థమవడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక కొంగుతో బోర్డు తుడిచింది. నా చేతిలోని సుద్దముక్క తీసుకుంది. నా అక్షరాల కంటే ఎంతో చక్కటి అక్షరాలతో రాసింది:

"మా ఇంట్లో విశేషమేమీ లేదు. కాయలు పుల్లగా ఉన్నాయి. ఇట్లు, అన్నపూర్ణ."

వీధి వీధంతా నమ్మింది. వచ్చినవాళ్ళు తలా రెండు కాయలు కొనుక్కుని వెళ్ళిపోయారు. కుంకుమ తెచ్చినావిడ కూడా.

తుడవడానికి ముందు ఆ బోర్డును చాలాసేపు చూశాను. ఇంత కురచగా, ఇంత నిజంగా నేనెప్పుడూ రాయలేదు.

అందుకని ఇక నిశ్చయించేశాను. ఇక నుంచి ధరలు తప్ప ఒక్క ముక్క రాయను. రేపటి నుంచే మొదలు.

రేపు అమావాస్య. కొత్త పని మొదలుపెట్టకూడదు. ఎల్లుండి శనివారం నుంచి, తప్పకుండా.

రేపొక్కరోజుకి ఏం రాయాలా అని ఆలోచిస్తున్నాను.